తొంభై సెకన్ల తెరపి

పదకొండో విమానం క్షేమంగా దిగిన రోజు మా ల్యాబులో మైసూర్‌పాక్ పంచారు. అంతకుముందు పదిసార్లు పంచలేదు. దిష్టి తగులుతుందని మా డైరెక్టర్ మృత్యుంజయం గారు ఒప్పుకోలేదు. గాలిలో ఇంజన్ ఆగిపోయిన విమానాల్ని లారీలు తిరిగే హైవే మీద దింపే మనిషికి దిష్టంటే భయమేమిటి సార్ అని నేను ఆటపట్టిస్తే, "నీకేం తెలుసు స్వరూపా, మంచి జరిగినప్పుడే నోరు మూసుకుని ఉండాలి" అనేవారు. ఆ రోజు మాత్రం ఆయనే డబ్బా మూత తీశారు.

దిగింది పైలట్ శిక్షణ బడి వాళ్ల రెండు సీట్ల విమానం. ఉదయం పదకొండింటికి సూర్యాపేట దాటాక ఇంజన్ ఆగిపోయింది. పైలట్ ఎర్ర బటన్ నొక్కాడు. అక్కణ్ణుంచి పని మా ప్రోగ్రాము తెరపిది. ప్రతి బండిలోనూ, ఆఖరికి మోపెడ్‌లో కూడా, గవ్వంత పెట్టె ఒకటి ఉండాలని చట్టం వచ్చి నాలుగేళ్లయింది. మేం దాన్ని గవ్వ అనే పిలుస్తాం. బండి ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో అది తెరపికి చెబుతుంది. తెరపి మాటని బండికి చేరవేస్తుంది. విమానం జారుకుంటూ కిందికి వచ్చే తొంభై సెకన్లలో తెరపి ముందున్న బండ్లని కొంచెం ముందుకి తోలింది, వెనకున్నవాటిని కొంచెం వెనక్కి పట్టింది. ఎవరూ కీచుమని బ్రేకు వేయలేదు. మధ్యలో ఎనిమిది వందల మీటర్ల ఖాళీ తయారై, ట్రాఫిక్‌తో పాటే రోడ్డు మీద పరిగెత్తింది. విమానం వచ్చి అందులో వాలింది. వెనక బస్సులో వాళ్లు ఫోన్లు బయటికి తీసేసరికి అది పక్కకి తిరిగి ఆగిపోయి ఉంది.

ఆ ప్రోగ్రాములో సగం నా చేత్తో రాసింది. ఆరేళ్లు పట్టింది. ఎవరైనా పొగిడితే అబ్బే, నాదేముందండీ అంటాను గానీ, ఇంకో రెండు మాటలు పొగిడితే బాగుండునని లోపల ఉంటుంది.

మైసూర్‌పాక్ నోట్లో ఉండగానే అక్క ఫోన్ చేసింది.

"ఏందే స్వరూపా, మీ ఇమానం నా నెత్తి మీంచి పోయి వడ్లు దాటినంక దిగింది! సగం వడ్లు లేచి కాలువల పడ్డయి."

మా అక్క సైదమ్మ వాళ్లది ఆ హైవే పక్క ఊరే. బావకి ఎనిమిదెకరాల వరి ఉంది.

"నువ్వెక్కడున్నవ్ అక్కా?"

"ఏడుంట? రోడ్డు మీదనే. వడ్లు తిరగేస్తున్న. దాని రెక్క ఈ మూల నుంచి ఆ మూల దాక ఉన్నది. బోర్ల పడ్డ. మోకాలు దోక్కపోయింది."

గబగబా కుర్చీ దగ్గరికి వెళ్లాను. నా స్క్రీన్ మీద ఆ ముక్క అంతా ఆకుపచ్చగా ఉంది. బండి లేదు, గవ్వ లేదు, అడ్డం ఏదీ లేదు. మా అక్క అందులో నిలబడి ఉంది.

సాయంత్రం దాకా రికార్డులు తవ్వితే సంగతి తెలిసింది. యాసంగి కోతలు నడుస్తున్నాయి. వడ్లలో తేమ పదిహేడు శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా వేయరు. ఊళ్లో ఆరబోసుకునే జాగా లేదు. తారు రోడ్డు వేడికయితే రెండు రోజుల్లో గలగలలాడిపోతాయి. అందుకని హైవే ఎడమ వరసలో కిలోమీటర్ల పొడవున వడ్లు పోస్తారు, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. ఆ వరసలోకి పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఒక్క బండి కూడా రాకపోవడం తెరపి రోజూ గమనించింది. విమానం దింపడానికి ఇంతకంటే మంచి చోటు లేదని తనంతట తనే నేర్చుకుంది. రోజురోజుకీ ఆ ముక్కకి మార్కులు పెంచుకుంటూ పోయింది.

తప్పు దానిది కాదు. హైవే మీద మనుషులు ఉండకూడదని రూలుంది. నేను ఆ రూలు చూసి ప్రోగ్రాము రాశాను. డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకి ఇంటికెళ్లి అదే రోడ్డు మీద వడ్లలో కాళ్లీడ్చుకుంటూ తిరిగినదాన్ని. అరికాళ్లు కాలి బొబ్బలెక్కేవి. అయినా కంప్యూటర్ ముందు కూర్చునేసరికి అది గుర్తుకు రాలేదంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు మృత్యుంజయం గారికి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"రోడ్డు మీద వడ్లు పోయడం నేరం కదమ్మా. పోలీసులకి రాద్దాం."

"ఈ పూట తీయిస్తే రేప్పొద్దున మళ్లీ పోస్తారు సార్. ఇంకెక్కడ పోసుకుంటారు? కోతలయ్యేదాకా నెలన్నర తెరపి ఆపేద్దాం."

"ఆపితే? ఈ నెలన్నరలో ఇంజన్ ఆగినవాడు ఎక్కడ దిగుతాడు? పొలాల్లోనా? గట్లు తగిలితే పల్టీలు, లేకపోతే కరెంటు తీగలు. తెరపి రాకముందు ఏడాదికి ఎంతమంది పోయేవాళ్లో నీకు తెలియదా?"

తెలుసు. కాసేపటికి నాకో ఆలోచన తట్టింది. చెప్పొద్దూ, అప్పుడు నన్ను చూసి నేనే మురిసిపోయాను.

"మనుషులకే గవ్వలిద్దాం సార్. మెడలో వేసుకుంటే తెరపికి బండి ఆగి ఉన్నట్టు కనిపిస్తారు. అటువైపు విమానాన్ని పంపదు."

ఆదివారం నలభై గవ్వలకి ఎర్ర దారాలు కట్టించి పట్టుకెళ్లాను. హైవే మీద మధ్యాహ్నపు ఎండలో గొడుగుల కింద రైతులంతా చేరారు. రోడ్డు మీద ఉన్నంతసేపు మెడలోంచి తీయొద్దని ఒకటికి పదిసార్లు చెప్పాను. అక్క నా చేతిలోంచి ఒకటి లాక్కుని మెడలో వేసుకుంది.

"బర్లకు గంటలు కట్టినట్టు కట్టవడ్తివి గదనే మాకు."

"బర్రె తప్పిపోకుండా కడతరు. నువ్వు దక్కాలని కడుతున్న."

"అబ్బో, పట్నం పోయి మాటలు నేర్చినవ్."

అప్పుడే ఇసుక లారీ ఒకటి వస్తోంది. అక్క వడ్ల అంచు దాటి ఒక్క అడుగు ముందుకు వేసింది. అంత లావు లారీ, డ్రైవర్ చేయి కదపకుండానే, పక్క వరసలోకి జరిగి పోయింది. అందరూ ఒక్కసారిగా హో అన్నారు. ఒకాయన తన గవ్వని పైకెత్తి పట్టుకుని ఆటో వైపు చూపించాడు. ఆటో కూడా జరిగింది. "ఇదేదో మంచిగనే ఉన్నదే!" అని ఆయన అంటుంటే నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండిపోతుంది. వాళ్లకి ఏది నచ్చిందో అప్పుడైనా ఆలోచించి ఉండాల్సింది.

మూడు వారాలు హాయిగా గడిచాయి. మ్యాపులో ఆ ముక్క అంతా ఎర్రబడింది. తెరపి దాన్ని వదిలేసి వేరే చోట్లు వెతుక్కోవడం మొదలుపెట్టింది. రాత్రిళ్లు నాకు నిద్ర పట్టింది. అక్క రెండు రోజులకోసారి ఫోన్ చేసేది.

"తండా నుంచి చాందీ అని ఒకామెను పనికి పెట్టుకున్న. మాట తక్కువ, పని ఎక్కువ. నీ లెక్క కాదు."

"ఆమెకి గవ్వ ఇచ్చినవా?"

"నాదే తీసి ఆమె మెడల ఏసిన. నా చెల్లె చెప్పింది, తీసినవంటే ఊరుకోనని గట్టిగ చెప్పిన. నాకు మీ బావది ఉన్నది గదా."

మా అక్క నా మాట విన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకని ఆ రోజు చాలా సంతోషపడ్డాను.

మే రెండో వారం, మధ్యాహ్నం పన్నెండూ నలభై. డ్యూటీలో నేనే ఉన్నాను. అదే శిక్షణ బడి విమానం. నడుపుతున్నది అలేఖ్య అనే ఇరవై ఏళ్ల అమ్మాయి. పక్కన గురువు లేకుండా ఎగరడం ఆమెకి అది రెండోసారట. ఇంజన్ ఆగింది. ఎర్ర బటన్ నొక్కింది. నా ముందు గడియారం తొంభై నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

తెరపి ఒక్క క్షణంలో చోటు చూపించింది. అక్క వాళ్ల ఊరి దగ్గరే, ఒక ఎర్ర ముక్క పక్కన తొమ్మిది వందల మీటర్ల ఆకుపచ్చ ముక్క. గవ్వ ఒక్కటి లేదు. తెరపి గవ్వల్నే చూస్తుంది. కిలోమీటరుకొకటి ఉన్న రోడ్డు కెమెరాల్ని చూడాల్సింది డ్యూటీలో ఉన్న మనిషి. కెమెరా తెరిచాను. ఆకుపచ్చగా ఉండాల్సిన రోడ్డంతా పసుపుపచ్చగా ఉంది. వడ్లు. అంచున రాళ్లు. గొడుగులు. గొడుగుల కింద కూర్చుని అన్నం తింటున్న మనుషులు.

అక్కకి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది.

"అక్కా, మీ గవ్వలేవి?"

"గవ్వలా? అవతల రెయిలింగుకు కట్టినం. సాయంత్రం ఇంకో రెండు ట్రాక్టర్ల వడ్లొస్తున్నయి. జాగ పోతది గదా."

నాకు ఒక్కసారిగా అర్థమైంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు, వీళ్లు గవ్వలు కట్టి రోడ్డు ఆపుకుంటున్నారు. గవ్వ ఉన్నచోట బండి రాదు, పక్క ఊరివాళ్లు వడ్లు పోయడానికీ ఉండదు. వడ్లు పోసిన చోట రాళ్లున్నాయి కాబట్టి ఇక గవ్వ ఎందుకు? రేపటి జాగాకి కావాలి. ఆ లెక్కన గవ్వలున్న చోట మనుషులు లేరు, మనుషులున్న చోట గవ్వలు లేవు. తెరపి అలేఖ్యని నేరుగా అన్నం గిన్నెల మీదికి పంపుతోంది.

అరవై ఎనిమిది.

"ఆ రెయిలింగు కాడ ఎవరన్నా ఉన్నరా?"

"ఎవరు లేరే. అందరం ఈడనే ఉన్నం. ఎందుకే?"

"అందరి గవ్వలూ అక్కడనే ఉన్నయా? ఆలోచించి చెప్పు."

"అందరియి ఆడనే. కోతలైనోళ్లయి ఇండ్లల్ల ఉన్నయి."

"అందర్నీ రోడ్డు దిగమను. ఇప్పుడే, లే!"

వాళ్లు దిగినా రాళ్లు దిగవు. చక్రానికి ఒక్క రాయి తగిలితే విమానం పల్టీ కొడుతుంది. తెరపి చూపించిన చోటుని చేత్తో పక్కకి జరిపే అధికారం డ్యూటీ మనిషికి ఒక్కరికే ఉంది. ఎర్ర ముక్క పద్నాలుగు వందల మీటర్లు. దాని మీద వరసగా ఇరవై ఏడు చుక్కలు. నేను దింపే చోటుని వేలితో లాగి ఆ ఎర్ర ముక్క మొదట్లో పెట్టాను. అడ్డాలు ఇరవై ఏడు, వద్దు అని తెరపి హెచ్చరించింది. నా పాస్‌వర్డ్ కొట్టి దాని నోరు మూయించాను.

"మేడమ్, నాకిక్కడ ఎర్రగా చూపిస్తోంది." రేడియోలో అలేఖ్య.

"అది ఖాళీయే తల్లీ. నన్ను నమ్ము. అక్కడే దించు."

"నిజంగా ఖాళీనా మేడమ్?"

"ఖాళీ."

దించింది. ఎంతో నేర్పుగా దించింది. విమానం ఆగాక రేడియోలో ఆ పిల్ల ఏడుపు వినపడింది. నా వెనక మృత్యుంజయం గారు చప్పట్లు కొట్టారు. ఎవరో నా భుజం మీద తట్టారు. అక్క లైన్లోనే ఉంది. మొదట్లో మనుషుల గోల తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత అక్క గొంతు వచ్చింది.

"చాందీ... జర ఊడ్చిపెట్టమని నేనే పంపిన ఆడికి. సాయంత్రం వడ్లకని. మర్చిపోయిన. స్వరూపా, నేను మర్చిపోయిన్నే."

రెక్క తగిలింది. ఆసుపత్రికి తీసుకెళ్లే పని కూడా లేకపోయింది.

విచారణ కమిటీ మూడు వారాల్లో ముగించింది. రైతులు గవ్వల్ని ఇష్టమొచ్చినట్టు వాడారు, ఆ తొమ్మిది వందల మీటర్లలో ఉన్న అరవై మందినీ, పైలట్‌నీ డ్యూటీ అధికారిణి సమయస్ఫూర్తితో కాపాడింది, అనధికారికంగా రోడ్డు మీదికి వచ్చిన ఒక పాదచారి మరణించింది అని రాశారు. చాందీ పేరు అనుబంధంలో ఉంది. నా పేరు మొదటి పేజీలో ఉంది.

అక్క అన్నం మానేసింది. కనిపించిన ప్రతివాళ్లకీ నేనే చంపిన, నేనే పంపి నేనే మర్చిపోయిన అని చెప్పుకుంటోందని బావ ఫోన్లో అన్నాడు. ఎవరు చెప్పినా వినడం లేదట.

నాకు మనసొప్పక ఆ రోజు రికార్డు మళ్లీ వేసి చూశాను. ఇరవై ఏడు చుక్కలు. ఇరవై ఆరు రెయిలింగు వెంబడి కట్టినవి, కట్టినట్టే ఉన్నాయి. ఒకటి కదులుతోంది. రెండడుగులు, ఆగుతుంది. మళ్లీ రెండడుగులు. నేను ఆ ముక్క మీద వేలు పెట్టినప్పుడు నా గోటి పక్కనే ఉంది. నేను కెమెరాలో వడ్లు చూశాను, గడియారం చూశాను, ఫోన్ చూశాను. దాన్ని చూడలేదు. ఆ రోడ్డు పద్నాలుగు వందల మీటర్లు, విమానానికి కావలసింది ఆరు వందలు. వేలు ఇంకో అంగుళం పక్కకి లాగితే చాలు, విమానం చాందీ నెత్తి మీంచి ఎగిరిపోయి ఆవలి సగంలో దిగేది. గవ్వ ఆమె మెడలోనే ఉంది, తీయొద్దంటే తీయలేదు. నలభై మందిలో నా మాట విన్నది ఆమె ఒక్కతే. నేను చెప్పమన్న మాటే ఆ గవ్వ నాకు చివరి దాకా చెబుతూనే ఉంది.

మృత్యుంజయం గారికి చూపించాను. ఆయన రెండోసారి చూడలేకపోయారు.

"కమిటీ రికార్డు అడగలేదమ్మా, అడ్డాల లిస్టు మాత్రమే అడిగారు," అన్నారు నెమ్మదిగా. "ఇది బయటికెళ్తే నీ ఉద్యోగం సంగతి పక్కన పెట్టు, తెరపి ఆగిపోతుంది. రేపు ఇంకో పిల్ల గాలిలో ఉంటుంది. నేను వద్దనను, పంపమనీ అనను."

ఆయన చెడ్డవారు కాదు. ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. ఆ సాయంత్రమే రికార్డుని కమిటీకి పంపించి, ఒక కాపీ ఫోన్లో వేసుకుని, పొద్దున్నే బస్సెక్కాను.

అక్క వాకిట్లో చాప మీద కూర్చుని ఉంది. నెల రోజుల్లో సగమైపోయింది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. నువ్వు మర్చిపోయినా ఆమె బతికేది అక్కా, నా కళ్ల ముందే కదులుతూ ఉంది, నేను చూడలేదు అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. అక్కకి రాలేదు.

"ఎంతసేపు?"

"మొదట్నుంచీ చివరిదాకా."

నా వైపు తిరిగింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

"నాకెందుకు చెప్తున్నవే? నా పాపం తగ్గుతదనా?"

"అవునక్కా."

"తగ్గలే." లేచి చెప్పులేసుకుంది. "చెప్పాల్సినోళ్లు నేను గాదు. నడువు."

తండా రెండు కిలోమీటర్లు. ఎండలో నడిచే వెళ్లాం. చాందీ భర్త లచ్చీరాం రేకుల ఇంటి ముందు మంచం నులక బిగిస్తున్నాడు. అక్కని చూసి లేచి నిలబడ్డాడు. నేనెవరో చెప్పుకున్నాను. విమానాన్ని అటు తిప్పింది నేనేనని, చాందీ గవ్వ స్క్రీన్ మీద కదులుతున్నా చూడలేదని, ఆ రికార్డు నా ఫోన్లో ఉందని చెప్పాను. అరిచేస్తాడనుకున్నాను. "చూపియ్యి" అన్నాడు.

ఫోన్ ఆయన చేతికిచ్చాను. స్క్రీన్ మీద నల్లటి గీత, దాని మీద ఎర్ర చుక్కలు, మూలన తొంభై నుంచి వెనక్కి నడిచే గడియారం. ఏ చుక్కో చూపించడానికి వేలు ముందుకు పెట్టబోయాను. ఆయనే వేలు పెట్టాడు, సరిగ్గా దాని మీద.

"ఇగో, ఇదే చాందీ," అన్నాడు. "ఆమెకు నడుము నొప్పి. రెండడుగులు ఊడ్సి జరసేపు ఆగుతది."

మంచం మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. చుక్క రెండడుగులు జరిగింది, ఆగింది, మళ్లీ జరిగింది. గడియారం పదికి వచ్చేసరికి ఆయన బొటనవేలితో ఆపేశాడు.

"మళ్ల మొదలుకెల్లి పెట్టు," అన్నాడు.

పెట్టాను.